ఎంత పేరున్నా పేరు చెప్పాల్సిందే

కొత్తవారిని కలిసినప్పుడు, మీరెవరో వాళ్లకు తెలిసే ఉంటుందని అనుకోకండి. "నేనెవరో తెలుసుగా?" అన్న మాట అసలు నోట రాకూడదు. తెలియదంటే మీకు చిన్నతనం. మొహమాటానికి తెలుసంటే ఆ తర్వాత వాళ్లకు నరకం.

తేలికనిపించే పేరు దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. మనకు అలవాటైన మాట కదా, గబుక్కున మింగేస్తాం. వినేవారికి అది మొదటిసారి, పైగా మన గొంతుకు వాళ్ల చెవి ఇంకా అలవాటు పడదు. అందుకే ముందు "నమస్కారమండీ" అనండి, ఒక్క క్షణం ఆగి పేరు చెప్పండి. ఇంటిపేరు కూడా చెబితే రెండింటినీ కలిపేయకండి. తర్వాత ఒక్క వాక్యంలో మీ పని. హోదా కన్నా పని చెప్పడమే మేలు. "డిప్యూటీ జనరల్ మేనేజర్‌ని" అంటే ఎదుటివారు తలూపి ఊరుకుంటారు. "వంతెనలకు డిజైన్లు గీస్తాను" అంటే అడగడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఇదంతా 15 సెకన్లు దాటకూడదు. అవార్డుల సంగతి అడిగితేనే.

మీ పేరుకు మీరే "గారు" తగిలించుకోకండి. "డాక్టర్" అని రోగికి చెప్పాలి, విందులో అక్కర్లేదు.

అలాగని మరీ ఒదిగిపోవడమూ మంచిది కాదు. "నేనేం పెద్ద రచయితను కాదులెండి" అనేది చాలాసార్లు "అయ్యో, అలా అనకండి" అనిపించుకోవడానికే. ఎవరైనా మెచ్చుకుంటే "సంతోషమండీ" అని ఊరుకోండి. అసలు సంగతి పూర్తిగా దాచినా చిక్కే: మీరు సినిమావారైతే, ఆ సంగతి తెలిసేలోగా ఎదుటివారు మీ సినిమానే మీ ముందు ఉతికి ఆరేసి ఉండొచ్చు. ఆ ఇబ్బందికి కారణం మీరే.

గొప్పలు వేరేవాళ్లు చెబితేనే అందం. సభకు పిలిస్తే 80 మాటలకు మించకుండా, ప్రథమ పురుషలో ("నేను" అని కాక "ఈయన", "ఈమె" అన్నట్టు), ఆ రోజు విషయానికి పనికొచ్చే రెండు మూడు వివరాలతో పరిచయం రాసి వ్యాఖ్యాతకు ముందే పంపండి. పేరు ఎలా పలకాలో విడిగా చెప్పండి. లేదంటే ఎక్కడో దొరికిన పాత వివరాలు చదివేస్తారు, మైకు అందుకోగానే మీరు వాటిని దిద్దుకుంటూ మొదలెట్టాలి.

ఇక ఒకసారి కలిసిన ప్రముఖులు మళ్లీ ఎదురైతే "గుర్తుపట్టారా?" అని పరీక్ష పెట్టకండి. పేరు, ఎక్కడ కలిశారో మీరే చెప్పేయండి. గుర్తుంటే సరే, లేకపోయినా వాళ్లకు మాట కలపడానికి దారి ఉంటుంది.