షటిల్ ఆడుతూ కాలు మడత పడిందా? మళ్ళీ కోర్టులోకి దిగేదాకా ఏం చెయ్యాలంటే

స్మాష్ కొట్టి కిందకి దిగేటప్పుడు పాదం లోపలికి తిరిగిపోయి, చూస్తుండగానే గిలక పక్కన కోడిగుడ్డంత వాపు వచ్చేస్తది. షటిల్, వాలీబాల్, కబడ్డీ ఆడేవాళ్ళకి ఇది కొత్తేం కాదు. బయటివైపు గిలకని పాదంతో కట్టి ఉంచే లిగమెంట్లు మూడుంటాయి, వాటిలో ముందువైపుది అన్నిటికన్నా వీక్, కాలు మడత పడగానే ముందు సాగేదీ చిరిగేదీ అదే.

ఫస్ట్ తేల్చుకోవాల్సింది ఎముక సంగతి. కెనడాలోని ఒట్టావా డాక్టర్లు 1992లో దీనికి సింపుల్ రూల్స్ పెట్టారు, ఇప్పటికీ క్యాజువాలిటీల్లో అవే వాడతారు. రెండు గిలకల వెనక అంచు మీద, పైకి ఓ 6 సెంటీమీటర్ల దాకా వేలితో నొక్కి చూడండి, చిటికెన వేలు వైపు పాదం మధ్యలో ఎత్తుగా తగిలే ఎముకనీ, లోపలివైపు పాదం వంపు పైన ఉండే ఎముకనీ కూడా నొక్కండి. వీటిలో ఎక్కడైనా ఎముక మీదే నొప్పి ఉన్నా, కుంటుకుంటూ అయినా నాలుగు అడుగులు వెయ్యలేకపోయినా ఎక్స్‌రే తీయించాల్సిందే. పాదం తిమ్మిరెక్కినా, చల్లబడినా, షేపు మారిపోయినా ఈ నొక్కుళ్ళేం పెట్టుకోకుండా డైరెక్ట్‌గా హాస్పిటల్‌కే. చిన్నపిల్లలకైతే డౌట్ వస్తే చాలు డాక్టర్‌కి చూపించెయ్యండి, వాళ్ళకి ఎముక ఎదిగే చోటు ఇంకా మెత్తగా ఉంటది.

మొదటి రెండు మూడు రోజులు ఐస్‌ని గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టడం, క్రేప్ బ్యాండేజ్, కాలు కింద రెండు దిండ్లు, ఇంతే. బ్యాండేజ్ వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టుకుంటూ రావాలి, వేళ్ళు నీలంగా మారినా తిమ్మిరెక్కినా వెంటనే విప్పి లూజుగా కట్టాలి. ఐస్ గురించి ఒక మాట, రెస్ట్, ఐస్, బ్యాండేజ్, కాలు ఎత్తులో పెట్టడం అనే ఈ ఫార్ములాకి 1978లో RICE అని పేరు పెట్టిన డాక్టర్ గేబ్ మిర్కినే తర్వాత ఐస్ వల్ల మానడం లేటవ్వొచ్చని మాట మార్చాడు, కాబట్టి నొప్పి తగ్గడం కోసం పెట్టుకోండి, అదే పనిగా గంటలు గంటలు వద్దు.

ఇంట్లో పెద్దవాళ్ళు వేడినీళ్ళ కాపడం పెడదాం, నూనె రాసి లాగిద్దాం అంటారు, ప్రేమతోనే అంటారు గానీ ఆ మొదటి రోజుల్లో ఒప్పుకోకండి, వాపు ఇంకా పెరుగుద్ది. అసలు విరిగిందో లేదో తెలీకుండా బెణుకు తీస్తామని మెలి తిప్పేవాళ్ళ దగ్గరికైతే అస్సలు వెళ్ళొద్దు.

ఇక అసలు మేటర్. చాలామంది వాపు తగ్గి నొప్పి పోగానే బ్యాట్ పట్టుకుని వెళ్ళిపోతారు, నెల తిరక్కుండా అదే కాలు మళ్ళీ మడత పడుద్ది, ఎందుకంటే దెబ్బ తగిలాక పాదం ఎటు వంగుతుందో కనిపెట్టి కండని టైముకి బిగించే పట్టు తగ్గిపోద్ది, అది రెస్ట్ తీసుకుంటే రాదు, ప్రాక్టీస్‌తోనే వస్తది.

అందుకే ఎముక బాగానే ఉందని తేలితే, నొప్పి ఓర్చుకోగలిగినంత వరకు రెండు మూడు రోజుల నుంచే కొంచెం కొంచెం బరువు వేసి నడవండి. కూర్చుని బొటనవేలితో గాల్లో అ ఆ ఇ ఈ రాయండి, ఫిజియోలు ఏబీసీడీలు రాయమంటారు గానీ మన అక్షరాలకి ఒంపులెక్కువ కాబట్టి కాలు ఇంకా బాగా తిరుగుద్ది! తర్వాత రబ్బర్ బ్యాండ్, ఫిజియోలు ఇచ్చేది లేకపోతే పాత సైకిల్ ట్యూబ్ ముక్క చాలు, మంచం కోడుకి కట్టి పాదంతో బయటికి లాగడం. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవడం, ముందు రెండు కాళ్ళతో, తర్వాత ఒంటికాలితో. వీటన్నిటికన్నా ముఖ్యం బ్యాలెన్స్, రోజూ పళ్ళు తోముకునేటప్పుడు దెబ్బ తగిలిన ఆ ఒక్క కాలి మీదే నిలబడండి, 30 సెకన్లు ఊగకుండా నిలబడగలిగితే కళ్ళు మూసుకుని, అదీ వచ్చేశాక దిండు మీద నిలబడి, పక్కన గోడ మాత్రం ఉండాలి సుమా.

కోర్టుకి ఎప్పుడు వెళ్ళాలి అంటే క్యాలెండర్ చూసి కాదు. ఒంటికాలితో ముందుకీ పక్కలకీ గెంతితే రెండు కాళ్ళూ ఒకేలా ఉండాలి, జిగ్‌జాగ్ పరుగులో భయం వెయ్యకూడదు. 2022 కామన్వెల్త్ గోల్డ్ కొట్టిన పీవీ సింధు కూడా ఎడమ కాలి స్ట్రెస్ ఫ్రాక్చర్‌తో (ఎముకలో సన్నటి పగులు) ఆ వెంటనే జరిగిన వరల్డ్ ఛాంపియన్‌షిప్ వదిలేసుకుంది, మళ్ళీ టోర్నీలో దిగింది 2023 జనవరిలో. మనం ఆడేది అపార్ట్‌మెంట్ టోర్నీయే కదండీ, అంత కంగారు దేనికి.

తిరిగి మొదలెట్టాక కొన్ని నెలలు బ్రేస్ (గిలక మడత పడకుండా పట్టి ఉంచే పట్టీ) వేసుకోండి. ఎత్తు సోలు ఉండే రన్నింగ్ షూస్‌తో షటిల్ ఆడితే కాలు ఈజీగా మడత పడుద్ది, గమ్ సోల్ ఉన్న కోర్టు షూస్ కొనుక్కోండి. ఆరు వారాలు దాటినా కాలు జారిపోతున్నట్టు ఉన్నా, లేదా నొప్పి గిలకకి పైన రెండు ఎముకల మధ్యలో ఉన్నా ఆర్థోపెడిక్ డాక్టర్‌ని కలవండి, పైన ఉండే లిగమెంట్ దెబ్బ తింటే అది మానడానికి మామూలు బెణుకు కన్నా చాలా ఎక్కువ టైమ్ పడుద్ది.