పడవను ట్రైలర్ మీద సరిగ్గా కూర్చోబెట్టడం ఎలా?

కృష్ణకు వరద వచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తారంటే బెజవాడలో బోటు షికార్లు ఆగిపోతాయి. సొంత పడవలున్నవాళ్లు వాటిని ఒడ్డుకు తెచ్చి, ట్రైలర్ ఎక్కించి, దసరా దాటేదాకా షెడ్డు పక్కన ఉంచేస్తారు. అది మంచి పనే. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు పోయినప్పుడు కట్లు తెగిన పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకోవడం ఊరంతా చూసింది. కానీ చాలా పడవల అడుగు వంకర పోయేది కూడా ట్రైలర్ మీద గడిపే ఈ మూడు నాలుగు నెలల్లోనే. నీళ్లలో ఉన్నంతసేపు పడవ అడుగు మొత్తానికీ ఆసరా దొరుకుతుంది. ట్రైలర్ ఎక్కాక మనం చెక్క పెట్టిన చోట మాత్రమే దొరుకుతుంది. ఆ చెక్క ఎక్కడ పెట్టాలో ఎవరూ పట్టించుకోరు.

ఇక్కడ చెప్పేదంతా వెనక పలకకు మోటారు బిగించే చిన్న ఫైబర్ పడవల గురించి. పెద్ద ఇనప బోట్ల లెక్క వేరు.

కావలసినవి

రెండు జాకీలు, పానాల సెట్టు, తాపీమేస్త్రీలు వాడే రెండు మీటర్ల అల్యూమినియం బద్ద, నూలు దారం, ఒక పాత విజిటింగ్ కార్డు, రెండు రాచెట్ బెల్టులు (మీట ఆడిస్తే బిగిసే పట్టీలు), చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మలు. ఆసరా చెక్కలు టేకువే అయి ఉండాలి. ప్లైవుడ్ వద్దు. చెక్క మీద నీళ్లు నిలవనివ్వని సింథటిక్ కార్పెట్ చుట్టండి, గోనెపట్టా చుట్టొద్దు, అది తడి పట్టి ఉంచుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి, తలలు చెక్కలోకి దిగిపోయేలా బిగించాలి.

ట్రైలర్ కొత్తగా చేయిస్తుంటే ఒక మాట. ఆటోనగర్‌లో వెల్డింగ్ పనివాళ్లకు తిరుగులేదు, అయితే వాళ్ల చెయ్యి లారీలకు అలవాటు పడింది. సరిగ్గా చెప్పకపోతే ఐదు టన్నులు మోసే కమాన్లు (ఇరుసు దగ్గర ఉండే స్ప్రింగు పట్టీలు) వేస్తారు. ఆరేడు వందల కిలోల పడవకు అంత గట్టి కమాను అస్సలు అణగదు, ప్రతి గుంతా నేరుగా పడవ అడుగుకే తగులుతుంది. బరువు ఎంతో ముందే చెప్పి కమాన్లలో పట్టీలు తగ్గించమనండి. చెక్కల బ్రాకెట్లను వెల్డింగ్ చేయనివ్వొద్దు. యూ బోల్టులతో బిగిస్తే తర్వాత ఎత్తూ దూరమూ సర్దుకోవచ్చు.

పడవను ఎక్కించడం

సమతలంగా ఉన్న చోట ట్రైలర్ నిలిపి, చక్రాలకు దిమ్మలు పెట్టండి. వించితో, అంటే ట్రైలర్ ముందు స్తంభానికి ఉండే బెల్టు చుట్టే చక్రంతో, పడవను నెమ్మదిగా లాగి, ముక్కు ముందున్న రబ్బరు దిమ్మకు ఆనించండి. వించి స్తంభం నుంచి ట్రైలర్ వెనక మధ్యకు దారం కట్టి చూస్తే పడవ తిన్నగా ఎక్కిందో లేదో తెలిసిపోతుంది. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

చెక్కలు అమర్చడం

ఇక్కడ తొందరపడకండి. పని పాడయ్యేది ఇక్కడే.

మొదటి సూత్రం: బరువంతా మధ్యలో, ముక్కు నుంచి వెనక దాకా ఉన్న వెన్ను మీద పడాలి. పక్క చెక్కలు పడవ ఒరిగిపోకుండా పట్టుకోవడానికే, బరువు మోయడానికి కాదు. కాబట్టి ముందు వెన్ను కిందే సరిచూడండి. చాలామంది అక్కడ రబ్బరు రోలర్లు పెడతారు, ఎక్కించడం సులువని. ఎక్కించడానికి సులువే, కానీ రోలర్ మీద పడవ ఆనేది వేలెడు వెడల్పు గీత మీద. ఆ గీత మీద నెలల తరబడి వందల కిలోలు ఉంచడం సరికాదు. వెన్ను పొడవునా ఒకటే చెక్క వేయండి, ఎక్కించేటప్పుడు దారి చూపడానికి వెనక చివర ఒక్క రోలర్ చాలు.

రెండోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: వెనక పలక. మోటారు బరువంతా వేలాడేది దాని మీదే. చంటిబిడ్డను ఎత్తుకునేటప్పుడు మెడ కింద చెయ్యి ఎలా పెడతామో, పలక కింద ఆసరా అలా ఉండి తీరాలి. చెక్కలు పలక దాకా రావాలి, రెండు మూడు సెంటీమీటర్లు బయటికి వచ్చినా మంచిదే. అడుగు దూరంలో ఆగిపోతే మాత్రం ఒప్పుకోవద్దు. అలా ఆగిపోయినప్పుడు చెక్క చివర తగిలిన చోట పడవ అడుగు లోపలికి నొక్కుకుపోతుంది, దాని వెనక భాగం కిందికి జారుతుంది. మన ఎండల్లో ఫైబర్ వేడెక్కితే ఈ వంపు ఇంకా త్వరగా వస్తుంది. కంటికి కనపడేంత వంపు కాదది. కానీ నీళ్లలో వేగం పెంచగానే ముక్కు కిందికి నొక్కుతుంది, పడవ నీటి మీదికి తేలి పరుగెత్తదు. మోటారులో లోపమనుకుని ప్రొపెల్లర్లు మారుస్తూ డబ్బు తగలేస్తారు.

అనుమానం ఉంటే అల్యూమినియం బద్దను పలక అంచు నుంచి ముందుకు, వెన్నుకు సమాంతరంగా అడుగుకు ఆనించి చూడండి. మధ్యలో వెలుతురు కనపడితే అడుగు లోపలికి వంగినట్టు. బద్ద మధ్యలో ఆని రెండు కొసలూ ఊగుతుంటే బయటికి ఉబ్బినట్టు, ఆ పడవ వేగంలో ముక్కు ఎగరేస్తూ దూకుతుంది.

మూడోది పక్క చెక్కల చోటు. పడవ లోపల ఫ్లోరు కింద పొడవునా దూలాలుంటాయి. పక్క చెక్కలు సరిగ్గా వాటి కింద రావాలి. దూలం ఎక్కడుందో తెలియకపోతే అడుగును పిడికిలితో కొడుతూ వెళ్లండి. డొల్లగా మోగిన చోట ఏమీ లేదు, శబ్దం మూసుకుపోయి గట్టిగా తగిలిన చోట దూలం ఉంది. సుద్దముక్కతో గీత గీసుకోండి. అడుగున గట్టులా లేచిన అంచుల మీద చెక్క పడకూడదు.

ఇప్పుడు కార్డు తీయండి. వెన్ను కింద చెక్కకూ పడవకూ మధ్య జానెడుకొకసారి దూర్చి చూడండి, ఎక్కడా దూరకూడదు. దూరిందంటే ఆ చోట పడవ గాల్లో ఉందని అర్థం, బ్రాకెట్ ఎత్తండి. పక్క చెక్కల దగ్గర కార్డు బిగువుగా దూరాలి, గట్టిగా లాగితే రావాలి. అక్కడ అస్సలు దూరకపోతే పక్కలు బరువు మోస్తున్నాయి, కాస్త దించండి. ఎడమ సరిచేస్తే కుడి మారుతుంది. రెండు మూడు గంటలు పట్టినా సరే, రెండు వైపులా సరిపోయాకే బోల్టులు బిగించండి.

పాత టైర్లు, ఇసుక బస్తాలు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. మెత్తగా ఉంటే పడవకు మంచిదని వాళ్ల నమ్మకం. టైరు తగిలేది నాలుగు చోట్లే, పైగా దారిలో ఎగరేస్తుంది. బస్తా రెండు వానలకు చిరిగి కుంగిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

కొక్కెం మీద బరువు

పడవా ట్రైలరూ కలిపి ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం ట్రైలర్‌ను బండికి తగిలించే ముందు కొక్కెం మీద పడాలి. మొత్తం 800 కిలోలైతే 40 నుంచి 80 కిలోలు. బరువు చూసుకునే మామూలు మిషన్ కొక్కెం కింద పెడితే తెలుస్తుంది. తక్కువైతే రోడ్డు మీద ట్రైలర్ తోక ఊపుతుంది. ఎక్కువైందని పడవను వెనక్కి జరపొద్దు, పలక కింద ఆసరా పోతుంది. ఇరుసునే ముందుకు జరపాలి.

కట్టడం

వించి బెల్టు పడవను లాగడానికే. ముక్కుకు విడిగా ఒక గొలుసు ఉండాలి. వెనక పలక కొక్కేల నుంచి రెండు బెల్టులు ట్రైలర్ ఫ్రేముకు బిగించండి. పడవ పైనుంచి అడ్డంగా తాడు వేసి మెలిపెట్టి బిగిస్తే పక్కలు లోపలికి నొక్కుకుంటాయి. మోటారును ఎత్తి, కింద ఆసరా కడ్డీ పెట్టండి. సూర్యలంక బీచ్ వైపు వెళ్తుంటే కృష్ణ మీది వారధి దాటాక కాజ టోల్‌గేటు దగ్గర ఆగి బెల్టులు ఒకసారి చూసుకోవాలి, ఆపాటికి కచ్చితంగా వదులవుతాయి.

వానాకాలం నిలిపి ఉంచేటప్పుడు

ముక్కు ఎత్తుగా ఉంచి, వెనక నీళ్లు పోయే బిరడా తీసేసి, దాన్ని స్టీరింగ్‌కు కట్టండి. పడవలో నాలుగు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పున్న చోట 10 సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే 600 కిలోలు. ఆ బరువుకు ఎంత చక్కగా అమర్చిన చెక్కలైనా చాలవు. టార్పాలిన్ కప్పినా బిరడా తీసే ఉంచాలి. టైర్ల మీద భారం తగ్గించాలంటే ఫ్రేము కింద, ఇరుసుకు దగ్గరగా దిమ్మలు పెట్టండి. రెండు కొసల్లో పెడితే ఫ్రేము మధ్యలో కుంగి, దాంతో చెక్కలూ దిగిపోతాయి.

వారం తర్వాత మళ్లీ కార్డు పట్టుకుని చూడండి. కొత్త కార్పెట్ బరువుకు అణిగి ఉంటుంది, వెన్ను కింద ఒకటి రెండు చోట్ల కార్డు దూరుతుంది. అక్కడ బ్రాకెట్ ఎత్తి మళ్లీ బిగించండి.