తెర మీద తెలుగు అక్షరాలు – 3వ పాఠం: గీయడం, చెరపడం, పెన్ను పిల్లలకివ్వడం

గత పాఠంలో జూమ్‌లో స్క్రీన్ షేర్ చేయడం చూశాం. మీ స్లైడు ఇప్పుడు డాలస్‌లోనో సిడ్నీలోనో కూర్చున్న పిల్లలకు కనబడుతోంది. ఎదురుగా ఉంటే వేలు పెట్టి చూపించేవాళ్లం. ద కింద చిన్న గీత వస్తే ధ, ఆ ధ పొట్టలో చుక్క కూడా పెడితే థ. ఈ తేడా నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఏడేళ్ల పిల్లలకు ఎక్కదు. గీత ఎక్కడుందో, చుక్క ఎక్కడుందో కళ్లకు కనబడాలి. ఆ వేలు పని చేసిపెట్టేదే అనొటేషన్.

మొదట ఒక్క విషయం పట్టుకోండి. ఇది తెలిస్తే మిగతావి వాటంతట అవే అర్థమవుతాయి. మీరు గీసే గీత స్లైడు మీద పడదు, తెర మీద పడుతుంది. పుస్తకం మీద గాజు పలక పెట్టి, ఆ పలక మీద స్కెచ్ పెన్నుతో గీసినట్టన్నమాట. కింద పేజీ తిప్పినా పైన గీత అలాగే ఉంటుంది. ద చుట్టూ సున్నా చుట్టి తర్వాతి స్లైడుకు వెళ్తే, ఆ సున్నా అక్కడున్న ఏనుగు బొమ్మ మీద కనబడుతుంది. పీడీఎఫ్‌ని పైకీ కిందకీ జరిపినా అంతే, అక్షరాలు కదులుతాయి, గీత కదలదు. అందుకే చెరిపాకే పేజీ మార్చడం మొదటి క్లాసు నుంచే అలవాటు చేసుకోండి.

టూల్స్ ఎక్కడుంటాయి

షేర్ మొదలవగానే తెర అంచున ఒక పట్టీ వస్తుంది. కనబడకపోతే మౌస్‌ని ఆ అంచుకు తీసుకెళ్లండి, బయటికొస్తుంది. అందులో అనొటేట్ నొక్కితే టూల్స్ వరుసగా తెరుచుకుంటాయి. అసలు అనొటేట్ అన్నదే లేకపోతే, బ్రౌజర్‌లో జూమ్ సైట్‌కి వెళ్లి లాగిన్ అయ్యి, సెట్టింగ్స్‌లో మీటింగ్ కింద అనొటేషన్ అనే స్విచ్ ఆన్ చేయాలి. ఉచిత ఖాతాలో కూడా ఇది ఉంటుంది, దీనికోసం డబ్బు కట్టక్కర్లేదు.

కొత్తవాళ్లకు బాగా టెన్షన్ పెట్టేది వరుసలో మొట్టమొదట ఉండే మౌస్ బొమ్మ. పెన్ను ఎంచుకుని గీశారు, బాగానే ఉంది. ఇప్పుడు స్లైడు మార్చుదామని క్లిక్ చేస్తే స్లైడు మారదు, తెర మీద ఇంకో చుక్క పడుతుంది. మళ్లీ క్లిక్ చేస్తే మరో చుక్క. కంప్యూటర్ బిగుసుకుపోయిందేమోనని కంగారు పడతాం. అదేం లేదు, పెన్ను ఇంకా మీ చేతిలోనే ఉంది. మౌస్ బొమ్మ నొక్కితే పెన్ను కింద పెట్టినట్టు, క్లిక్ మళ్లీ స్లైడుకు అందుతుంది. కాబట్టి వరుస ఇది: గీయి, చెరుపు, మౌస్, తర్వాతి స్లైడు. నాలుగైదుసార్లు చేస్తే చెయ్యి దానంతటదే వెళ్తుంది.

ఏది ఎప్పుడు వాడాలి

డ్రా నొక్కితే చేత్తో గీసే గీత, తిన్నని గీత, బాణం, చతురస్రం, సున్నా ఉంటాయి. వీటిలోనే కింది అక్షరం కనబడేలా పలచటి రంగు పూసే రకాలు కూడా ఉన్నాయి. ఒక మాటను మొత్తంగా చూపించాలంటే ఈ పలచటి రంగే మేలు. దళసరి పెన్నుతో మాట మీద గీస్తే ఒత్తులూ గుడులూ గీత కిందకి వెళ్లిపోతాయి, పిల్లలు చూడాల్సినవే అవి. రంగు, మందం ఫార్మాట్‌లో మార్చుకోవచ్చు. తెల్లటి స్లైడు మీద పసుపు గీత దాదాపు కనబడదు, ఎరుపో నీలమో పెట్టుకోండి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వానిషింగ్ పెన్. ఈ టూల్ షేర్ చేస్తున్నవాళ్ల దగ్గర మాత్రమే ఉంటుంది, స్పాట్‌లైట్ పక్కనే; గీసింది మాత్రం అందరికీ కనబడుతుంది. దీంతో గీసిన గీత కొన్ని క్షణాలు ఉండి దానంతటదే మాయమవుతుంది. ధ కింది గీత చుట్టూ గబుక్కున సున్నా చుట్టి “ఇదిగో, ఇదే ఒత్తు” అంటారు. మీ మాట పూర్తయ్యేసరికి సున్నా ఉండదు. చెరిపే పని లేదు, పేజీ మారినా భయం లేదు. చదివిస్తున్నప్పుడు ఏ అక్షరం దగ్గర ఉన్నామో చూపడానికి స్పాట్‌లైట్ చాలు. అది మీ మౌస్ వెంట కదిలే ఎర్రటి వెలుగు, గీత మిగలదు. మామూలు పెన్ను, పాఠం అయ్యేదాకా తెర మీద నిలవాల్సిన వాటికే ఉంచుకోండి. పేజీ నిండా గీతలుంటే పిల్లలకు ఏది చూడాలో తెలియదు.

టెక్స్ట్ టూల్‌తో టైపు చేయవచ్చు గానీ పాఠం మధ్యలో ఆగి టైపు చేయడం దండగ. టైపు చేయాల్సినవి ముందే స్లైడులో పెట్టుకోండి.

చెరపడం విషయంలో మాత్రం నిదానించండి. అన్‌డూ చివరిగా మీరు గీసిన గీతను తీసేస్తుంది. ఎరేజర్ తాకిన గీతను తీసేస్తుంది. క్లియర్‌లో మూడు దారులున్నాయి: అందరి గీతలూ, నా గీతలు మాత్రమే, చూస్తున్నవాళ్ల గీతలు మాత్రమే. అక్షరాలు నేర్పేవాళ్లకు ఈ మూడోది వరం. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

పెన్ను పిల్లలకివ్వండి

ఈ పాఠంలో ముఖ్యమైన భాగం ఇదే. పెద్దవాళ్లు గీస్తుంటే చూస్తూ కూర్చున్న పిల్లలకు అక్షరం గుర్తుంటుందేమో గానీ, చేతికి రాదు. రాయడం చేత్తోనే రావాలి.

ఒక స్లైడులో ద ఒక్కటే పెట్టండి, తెర నిండేంత పెద్దగా, లేత బూడిద రంగులో. గౌతమి, మండలి లాంటి సాదా ఫాంటు వాడండి. అలంకారాలున్న ఫాంట్లలో తలకట్టు వంపులు పిల్లలను తికమక పెడతాయి. ఇప్పుడు మామూలు పెన్నుతో మీరు రెండే గుర్తులు పెట్టండి. రాయడం మొదలుపెట్టే చోట ఆకుపచ్చ చుక్క, చెయ్యి తిరగాల్సిన వైపుకు ఒక బాణం. తర్వాత ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, ఆ బూడిద అక్షరం మీద దిద్దమనండి. ఒకరు దిద్దడం అయ్యాక క్లియర్‌లో చూస్తున్నవాళ్ల గీతలు మాత్రమే తీసేయండి. ఆ పిల్ల దిద్దిన గీత పోతుంది, మీ చుక్కా బాణం అలాగే ఉంటాయి. తర్వాతి పిల్లాడికి స్లైడు సిద్ధం. మన పలక మీద దిద్దించడమే ఇది, దూరం ఒక్కటే తేడా.

పిల్లల వైపు అనొటేట్ ఎక్కడుంటుందో కూడా మీకు తెలియాలి, అడిగేది మిమ్మల్నే. కంప్యూటర్‌లో అయితే తెర పైన వ్యూ ఆప్షన్స్‌లో అనొటేట్ ఉంటుంది. ఫోన్‌లోనో టాబ్లెట్‌లోనో అయితే తెర మీద చిన్న పెన్సిల్ బొమ్మ ఉంటుంది. ఫోన్‌ని అడ్డంగా పట్టుకోమనండి, అక్షరం పెద్దగా కనబడుతుంది. అందరినీ జూమ్ యాప్ నుంచే చేరమని తల్లిదండ్రులకు ముందే చెప్పండి. బ్రౌజర్‌లోంచి వస్తే కొన్ని టూల్స్ కనబడకపోవచ్చు.

పెన్ను దొరికిన మొదటి రోజు అందరూ ఒకేసారి గీస్తారు. స్లైడు అంతా గజిబిజి అవుతుంది. కోప్పడకండి. రెండు నిమిషాలు ఇష్టమొచ్చినట్టు గీయనివ్వండి, ఆ తర్వాత అంతా చెరిపేసి “ఇక వంతులవారీగా” అనండి. అప్పటికీ ఆగకపోతే, షేర్ పట్టీలో మోర్ నొక్కితే పార్టిసిపెంట్ల అనొటేషన్‌ని ఆపే వీలుంది, మళ్లీ ఇచ్చే వీలూ అక్కడే ఉంది. గీసినవాళ్ల పేర్లు కనబడేలా పెట్టే ఆప్షన్ కూడా అందులోనే ఉంటుంది. పేరు కనబడుతుందని తెలిస్తే చాలావరకు వాళ్లే సర్దుకుంటారు.

బాగా చిన్న పిల్లలకు, ఇంకా దిద్దడం రానివాళ్లకు, స్టాంపులు వాడండి. బాణం, టిక్కు, ఇంటూ, నక్షత్రం, హృదయం, ప్రశ్న గుర్తు ఉంటాయి. ద, ధ, థ కలగలిపి పన్నెండు అక్షరాలు స్లైడులో పెట్టి, “పొట్టలో చుక్క ఉన్నవాటి మీద నక్షత్రం వేయండి” అనండి. ఎవరికి వచ్చిందో, ఎవరు ధ దగ్గర తడబడుతున్నారో మీకు వెంటనే తెలిసిపోతుంది. ఉచిత ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలకే ఆగిపోతుంది కాబట్టి, అందరినీ ఒకేసారి చూసుకునే ఇలాంటి ఆట సమయం కూడా కలిసొచ్చేలా చేస్తుంది.

మౌస్‌తో అక్షరం వంకర పోతుంటే

మౌస్‌తో తెలుగు అక్షరం అందంగా రాయడం కష్టం, గుండ్రాలు పలకలు పలకలుగా వస్తాయి. ఇంట్లో పెన్నుతో వాడే టాబ్లెట్ ఉంటే దాన్నీ అదే మీటింగ్‌లో చేర్చండి. షేర్ ల్యాప్‌టాప్ నుంచి, రాయడం టాబ్లెట్ మీద. టాబ్లెట్‌లో ఆడియో మాత్రం కలపవద్దు, లేదంటే గది అంతా కీచుమని మోగుతుంది. ఇంకో సంగతి, టాబ్లెట్ నుంచి గీస్తే జూమ్ దృష్టిలో మీరూ చూస్తున్నవాళ్లే. పిల్లల గీతలు చెరిపితే అవీ పోతాయి. కాబట్టి చుక్క, బాణం ల్యాప్‌టాప్ నుంచి పెట్టి, అక్షరం రాసి చూపడం టాబ్లెట్ నుంచి చేయండి.

పిల్లలు దిద్దింది తల్లిదండ్రులకు పంపాలంటే, షేర్ ఆపకముందే సేవ్ నొక్కండి. షేర్ ఆపితే గీతలన్నీ పోతాయి. కంప్యూటర్‌లో మామూలుగా డాక్యుమెంట్స్‌లోని జూమ్ ఫోల్డర్‌లోకి చేరుతుంది.

ఈ వారం అభ్యాసం

మీ ఖాతాలో మీరొక్కరే మీటింగ్ మొదలుపెట్టి, ఫోన్‌తో కూడా అందులోకి రండి. ల్యాప్‌టాప్‌లో మీరు టీచరు, ఫోన్‌లో మీరే విద్యార్థి. ద, ధ, థ మూడు స్లైడులు చేసుకోండి. మొదటి దాని మీద చుక్క, బాణం పెట్టి, ఫోన్‌లో వేలితో దిద్ది, ఆ దిద్దుడు మాత్రమే చెరిపి చూడండి. తర్వాత అన్నీ చెరిపి, మౌస్ నొక్కి, ధ స్లైడుకు వెళ్లి వానిషింగ్ పెన్‌తో ఒత్తు చూపించండి. ఫోన్ తెరని గమనిస్తూ ఉండండి, పిల్లలకు కనబడేది అదే. థ దాకా ఒక్క పాత గీత కూడా వెంట రాకుండా వెళ్లగలిగితే 4వ పాఠానికి మీరు సిద్ధం. అందులో గుణింతాలకు వైట్‌బోర్డు వాడతాం.