అంతర్జాతీయ నేరాల విచారణ – 5వ పాఠం: గోతి దగ్గర్నుంచి జనరల్ దాకా

పోయిన పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. బోస్నియా యుద్ధంలో స్రెబ్రెనిత్సా పట్టణం దగ్గర జరిగిన ఘటనల్లో ఏవి జాతిహననం (ఒక సమూహాన్ని నాశనం చేయాలన్న ఉద్దేశంతో చేసే నేరం) కిందికి వస్తాయో, ఏవి మానవాళిపై నేరాల (పౌరుల మీద పెద్దఎత్తున జరిగే దాడిలో భాగమైన నేరాలు) కిందికి వస్తాయో రెండు వరసల్లో రాయమన్నాను. మగవాళ్ల సామూహిక హత్యలు రెండు వరసల్లోనూ పడాలి. ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను ఆ పట్టణం దగ్గరున్న పోటోచారి నుంచి బస్సులెక్కించి తరిమేయడం ప్రధానంగా రెండో వరసలోకి వెళ్తుంది. కానీ హత్యల వెనక ఉన్న ఉద్దేశాన్ని చూపే సాక్ష్యంగా ఆ తరలింపు మొదటి వరసకూ పనికొచ్చింది. ఈ సంగతి పట్టుకున్నవాళ్లు బాగానే చదువుతున్నట్టు లెక్క.

ఇక అసలు కష్టం ఇవాళ మొదలవుతుంది. హత్యలు జరిగాయి, నిజమే. చట్టంలో దానికి తగిన పేరూ దొరికింది. కానీ బోనులో కూర్చున్న మనిషి ఒక్క తూటా పేల్చలేదు. శవాలు పూడ్చిన ఏ గోతి దగ్గరా నిలబడలేదు. అతన్ని ఆ గోతితో ఎలా ముడిపెడతారు? ఈ ముడి వేసే సాక్ష్యాన్నే ప్రాసిక్యూటర్లు లింకేజ్ ఎవిడెన్స్ అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఘోరం గురించి పేజీలకు పేజీలు రాసి, ముద్దాయి దగ్గరికొచ్చేసరికి అర పేజీతో సరిపెడతారు. కేసు ఓడిపోయేది ఆ అర పేజీలోనే.

మనం తీసుకున్నది యుగోస్లావియా ట్రైబ్యునల్లో (అక్కడి యుద్ధ నేరాల విచారణకు ఐక్యరాజ్యసమితి పెట్టిన కోర్టు) జరిగిన రాడిస్లావ్ క్రిస్తిచ్ కేసు. బోస్నియా సెర్బ్ సైన్యంలో డ్రీనా కోర్ అనే దళానికి అతను మొదట చీఫ్ ఆఫ్ స్టాఫ్, తర్వాత కమాండర్. 1995 జూలై 11న స్రెబ్రెనిత్సా పడిపోయింది. ఆ తర్వాత కొద్ది రోజుల్లోనే 7,000 మందికి పైగా బోస్నియా ముస్లిం మగవాళ్లను, కుర్రాళ్లను చంపేశారు. 2001 ఆగస్టు 2న ట్రయల్ ఛాంబర్ అతన్ని జాతిహననం నేరానికి దోషిగా తేల్చి 46 ఏళ్ల శిక్ష వేసింది. 2004 ఏప్రిల్ 19న అప్పీల్ ఛాంబర్ దాన్ని జాతిహననానికి సహకరించిన నేరంగా మార్చి, శిక్షను 35 ఏళ్లకు తగ్గించింది. ఆ తేడా ఎందుకొచ్చిందో అర్థమైతే ఈ పాఠం వచ్చినట్టే.

ముందు ఒక్క చోటు తీసుకుందాం: పిలిత్సా అనే ఊరి దగ్గరున్న బ్రాన్యెవో సైనిక వ్యవసాయ క్షేత్రం, జూలై 16. అక్కడ కాల్చినవాళ్లలో ఒకడు ద్రాజెన్ ఎర్దెమోవిచ్. తానే నేరం ఒప్పుకున్నాడు, తర్వాత క్రిస్తిచ్ కేసులో సాక్ష్యమూ చెప్పాడు. పొద్దున నుంచి బస్సులు వస్తూనే ఉన్నాయని, పదిమంది చొప్పున దింపి కాల్చామని, మొత్తం 1,000 నుంచి 1,200 మంది దాకా ఉంటారని అతని అంచనా. వింటే కడుపులో తిప్పేసే వాంగ్మూలం. ప్రాసిక్యూటర్‌కు మాత్రం ఇందులో పెద్ద చిక్కు ఉంది. ఎర్దెమోవిచ్ పనిచేసింది 10వ విధ్వంసక దళంలో. ఆ దళం బోస్నియా సెర్బ్ సైన్యాధిపతి మ్లాదిచ్ నడిపే ప్రధాన స్థావరం (మెయిన్ స్టాఫ్, అంటే మొత్తం సైన్యాన్ని నడిపే పై కార్యాలయం) కిందిది, డ్రీనా కోర్ కిందిది కాదు. అంటే కాల్చినవాళ్లు క్రిస్తిచ్ మనుషులే కారు! డిఫెన్స్ లాయర్‌కు ఇంతకంటే మంచి వాదన ఏం కావాలి?

ఇప్పుడు అదే వాంగ్మూలాన్ని మళ్లీ చదవండి. ఈసారి ఘోరాన్ని పక్కన పెట్టి, చిన్న చిన్న వివరాలే చూడండి. ఖైదీల బస్సులతో వచ్చిన మిలిటరీ పోలీసుల యూనిఫాం మీద డ్రీనా కోర్ గుర్తు ఉందని అతను చెప్పాడు. ఇదొక దారం.

రెండో దారం డీజిల్. జూలై 16 మధ్యాహ్నం పట్టుబడ్డ ఒక రేడియో సంభాషణలో, పొపోవిచ్‌కు 500 లీటర్ల డీజిల్ కావాలని, లేకపోతే అతని పని ఆగిపోతుందని అడుగుతున్నారు. పొపోవిచ్ డ్రీనా కోర్‌లో భద్రతాధికారి. అదే తేదీతో, అదే పేరు మీద 500 లీటర్ల డీజిల్ ఇచ్చినట్టు రాసిన సరుకు కాగితం కూడా దొరికింది. గుమాస్తా ఎవరో రోజువారీ లెక్క కోసం రాసుకున్న కాగితం అది. చరిత్ర కోసం రాసింది కాదు కాబట్టే దాని మీద అంత నమ్మకం.

మూడోది మట్టి తవ్వే యంత్రం. జ్వోర్నిక్ బ్రిగేడ్ ఇంజనీరింగ్ విభాగం రికార్డుల్లో జూలై 17న బ్రాన్యెవోలో కందకాలు తవ్వినట్టు ఉంది. జ్వోర్నిక్ బ్రిగేడ్ డ్రీనా కోర్‌లో భాగం. అదే రోజు అమెరికా విమానం తీసిన ఫొటోల్లో పొలంలో శవాలు, పక్కనే తవ్వుతున్న యంత్రం కనిపిస్తున్నాయి. ఆ తర్వాత శవాలను బయటికి తీసినప్పుడు కళ్లగంతలు, చేతులు కట్టిన తాళ్లు దొరికాయి. యుద్ధంలో చనిపోయారన్న వాదన అక్కడితో పోయింది.

ఎర్దెమోవిచ్ ఎంత నిజం చెప్పినా అతను హంతకుడు, శిక్ష తగ్గించుకోవాలనుకునే మనిషి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అతన్ని ఎన్ని తిప్పలైనా పెట్టొచ్చు. డీజిల్ కాగితాన్ని క్రాస్ చేయడం కష్టం. నన్నడిగితే ఈ కేసుకు వెన్నెముక అలాంటి పొడి కాగితాలే.

రేడియో సంభాషణల గురించి ఒక మాట. మన కోర్టుల్లో పనిచేసినవాళ్లకు వెంటనే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే 65బి సర్టిఫికెట్ గుర్తొస్తుంది, కొత్త సాక్ష్య చట్టంలో అది 63వ సెక్షన్. ఆ ట్రైబ్యునల్ పద్ధతి వేరు. కేసుకు సంబంధం ఉండి, రుజువు విలువ ఉంటే దేన్నైనా స్వీకరించేవారు, దాని బరువు తర్వాత తూచుకునేవారు. అక్కడి సంభాషణల్లో చాలావాటిని సెర్బ్ సైన్యంతో పోరాడుతున్న బోస్నియా ప్రభుత్వ సైన్యం ఆపరేటర్లు వింటూ నోటు పుస్తకాల్లో చేత్తో రాశారు. డిఫెన్స్ గట్టిగానే ఎదిరించింది. మిగతా సాక్ష్యాలతో సరిపోల్చి చూశాకే ఛాంబర్ వాటిని నమ్మింది.

ఇంతవరకు మనం చేరింది డ్రీనా కోర్ దాకా. క్రిస్తిచ్ దాకా కాదు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. దళం చేసిన ప్రతి పనికీ దళపతి జైలుకెళ్లడు. మొదటి ప్రశ్న: ఆ రోజుల్లో కమాండర్ అతనేనా? డిఫెన్స్ కాదంది. కమాండ్ ఆ తర్వాత ఎప్పుడో చేతికొచ్చిందని, అప్పుడతను జెపా అనే మరో ఊరి మీద దాడి పనిలో ఉన్నాడని వాదించింది. జూలై 13 సాయంత్రం వెలువడిన ఒక ఆదేశం కింద కమాండర్‌గా క్రిస్తిచ్ పేరుంది. దాంతోపాటు మరికొన్ని సాక్ష్యాలు చూసి, ఆ సాయంత్రం నుంచి అతనే కమాండర్ అని ఛాంబర్ తేల్చింది.

రెండో ప్రశ్న: అతనికి తెలుసా? జూలై 15న ప్రధాన స్థావరం భద్రతాధికారి బెయారా క్రిస్తిచ్‌కు ఫోన్ చేసి మనుషుల్ని పంపమని అడిగాడు. ఇంకా 3,500 పార్సిళ్లు పంచాల్సి ఉందని, దారి కనిపించడం లేదని మొరపెట్టుకున్నాడు. పార్సిళ్లంటే ఖైదీలని ఛాంబర్ అర్థం చేసుకుంది. ఏం చేయగలనో చూస్తాను అన్నది క్రిస్తిచ్ చివరి జవాబు. ఈ సంభాషణ చదివాక అతనికి తెలియదనడం చాలా కష్టం.

మూడో ప్రశ్న దగ్గరే రెండు ఛాంబర్లూ విడిపోయాయి: అతను కోరుకున్నాడా? జాతిహననంలో ప్రధాన దోషి కావాలంటే ఆ సమూహాన్ని నాశనం చేయాలన్న ఉద్దేశం ముద్దాయికే ఉండాలి. ట్రయల్ ఛాంబర్ ఆ ఉద్దేశం ఉందంది. పట్టణం పడిపోయాక మ్లాదిచ్ మాట్లాడిన హోటల్ ఫోంతానా సమావేశాల్లో రెండింటికి అతను హాజరు, బస్సుల ఏర్పాటులో అతని చెయ్యి ఉంది, హత్యల గురించి తెలిసీ కొనసాగాడు. వీటన్నిటి నుంచీ ఉద్దేశాన్ని రాబట్టింది. తీర్పు చదువుతూ న్యాయమూర్తి రొద్రిగేస్ అతని వైపు చూసి, వ్యక్తిగతంగా నువ్వు చెడుకు ఒప్పుకున్నావన్నారు.

అప్పీల్ ఛాంబర్ అవే కాగితాలను ముందేసుకుని వేరే నిర్ణయానికొచ్చింది. అతనికి తెలుసు, తన దళం మనుషుల్ని, వనరుల్ని వాడుకోనిచ్చాడు, అవి లేకపోతే ప్రధాన స్థావరానికి ఆ పని చేయడం సాధ్యమయ్యేది కాదు. కానీ ప్రధాన స్థావరం అతన్ని దాటి నేరుగా ఆ వనరులు వాడుకోగలిగింది. హత్యల్లో అతని ప్రత్యక్ష పాత్ర రుజువు కాలేదు. తరలిస్తున్న పౌరులకు హాని జరగకూడదని అతను చెప్పిన సంభాషణా ఉంది. ఇంత అనుమానం ఉన్నప్పుడు ఉద్దేశం ఉందనడం కుదరదంది. సహకరించినవాడికి అసలు నేరస్థుల ఉద్దేశం తెలిస్తే చాలు, తనకూ అది ఉండాలని లేదు. అందుకే 35 ఏళ్లు.

ఐపీసీ చదువుకున్నవాళ్లు దీన్ని 34 (ఉమ్మడి ఉద్దేశం), 107 (నేరానికి ప్రేరేపించడం, తోడ్పడటం) సెక్షన్ల మధ్య తేడాలా చూస్తే (ఇప్పుడు బీఎన్ఎస్‌లో 3(5), 45) దగ్గరి దారి దొరుకుతుంది. దగ్గరి దారే, అదే దారి కాదు. పైగా ఇలాంటి కేసు మన దగ్గర ఈ పేరుతో నడవదు. జాతిహననం ఒప్పందాన్ని మన దేశం 1959లోనే ఆమోదించినా దానికి తగ్గ చట్టం మాత్రం చేసుకోలేదు. 2018 డిసెంబర్‌లో, 1984 నాటి సిక్కుల హత్యల కేసులో ఇచ్చిన సజ్జన్ కుమార్ తీర్పులో ఢిల్లీ హైకోర్టు ఈ లోటునే ఎత్తిచూపింది.

కింది అధికారుల్ని ఆపలేదు, శిక్షించలేదు అనే కారణంతో పై అధికారిని పట్టుకునే దారి వేరే ఉంది. దాన్ని 7వ పాఠంలో, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో నడిచిన కాంగో నాయకుడు బెంబా కేసుతో చూద్దాం. 2016లో 18 ఏళ్ల శిక్ష పడి, 2018లో అప్పీల్‌లో అతను నిర్దోషిగా బయటపడ్డాడు.

ఈ వారం అభ్యాసం. ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: నేరం జరిగింది, దళానికి ముడి, ముద్దాయికి తెలుసు, ముద్దాయికి ఉద్దేశం ఉంది. మిలిటరీ పోలీసుల గుర్తు, డీజిల్ కాగితం, విమానం ఫొటో, జూలై 13 ఆదేశం, పార్సిళ్ల సంభాషణ, హోటల్ ఫోంతానా సమావేశం, పౌరులకు హాని వద్దన్న సంభాషణ, ఈ ఏడింటినీ తగిన గళ్లలో రాయండి. ఒక్కటి ఏ గడిలోనూ సరిగ్గా ఇమడదు, ఎందుకో రెండు వాక్యాల్లో చెప్పండి. ఆ తర్వాత డిఫెన్స్ లాయర్‌గా మారి, నాలుగో గడిలో మీరు రాసినవాటిని ఒక్కొక్కటిగా కొట్టేయండి. ఏదైనా మిగిలితే దాని మీద అప్పీల్ ఛాంబర్‌తో మీరెలా వాదిస్తారో రాసి ఉంచుకోండి, 6వ పాఠంలో ఎర్దెమోవిచ్ లాంటి లోపలి సాక్షుల గురించి మాట్లాడేటప్పుడు అది అవసరమవుతుంది.