పవర్ పెంచిన డీజిల్ పికప్‌కి కొత్త క్లచ్ ఎలా ఎంచుకోవాలి?

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల పట్టుబడి జరిగే రోజు ఒక్కసారి గుంట గట్టు దగ్గర నిలబడి చూడండి. ఐసూ ట్రేలూ నింపుకున్న పికప్ తడి గట్టు మీదకి రివర్సులో ఎక్కుతుంటుంది. డ్రైవర్ కాలు క్లచ్ మీద సగం నొక్కే ఉంటుంది. బండి జానెడు జానెడు కదులుతుంది. కాసేపటికి కింద నుంచి మాడు వాసన. మా వైపు పికప్‌ల క్లచ్‌లు ఎక్కువగా పోయేది హైవే మీద కాదు, ఆ పది మీటర్లలోనే. కొత్తది కొనేముందు ఇది గుర్తుంటే చాలా డబ్బు మిగులుతుంది.

నాకు మిగల్లేదు. ఈసీఎం రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయించిన కొన్నాళ్లకే నా బండి క్లచ్ జారడం మొదలైంది. ఒక షాపులో "అన్నింట్లోకీ గట్టిది వేసుకో అన్నా, మళ్లీ చూడక్కర్లేదు" అంటే, సిరామిక్ బటన్ల ప్లేటు, గట్టి స్ప్రింగు ప్రెషర్ ప్లేటు (క్లచ్ ప్లేటుని నొక్కి పట్టేది) వేయించాను. జారడం పోయింది, నిజమే. కానీ నెల్లూరు వీఆర్సీ సెంటర్లో ట్రాఫిక్ ఆగినప్పుడల్లా ఎడమ మోకాలు లాగేసేది. గట్టు మీద బండి మెల్లగా పాకేది కాదు. ఎగిరి దూకేది, లేదా ఇంజిన్ ఆగిపోయేది. మూడు నెలలకే తీయించాను. తీసిన ఆటోనగర్ మేస్త్రి ఒకే మాట అన్నాడు: "జారకుండా పట్టుకోవడం ఒక్కటే కాదబ్బయ్యా, కావాల్సినప్పుడు కొంచెం జారడం కూడా క్లచ్ పనే."

1. ముందు తప్పు క్లచ్‌దేనా అని తేల్చుకోండి

ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో మామూలు వేగంతో పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. ఇంజిన్ మోత పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఇది ఒకసారి చూస్తే చాలు, పదిసార్లు చూస్తే ఉన్న ప్లేటు కూడా మాడిపోతుంది.

జారినంత మాత్రాన ప్లేటు అరిగిందని కాదు. కేబుల్ బండి అయితే పెడల్‌కి ఫ్రీ ప్లే (మొదట్లో ఉండే కొంచెం వదులు) లేకపోవడం వల్ల క్లచ్ ఎప్పుడూ కొంచెం నొక్కినట్టే ఉండొచ్చు. ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ వెనక సీల్ కారి ప్లేటు మీద ఆయిల్ పడి ఉండొచ్చు. ఆయిల్ పడిన చోట ఎంత ఖరీదైన క్లచ్ వేసినా మళ్లీ జారుతుంది. గేర్‌బాక్స్ దించినప్పుడే ఆ సీల్, గేర్‌బాక్స్ ముందు సీల్ మార్పించేయండి. సీల్ ధర ఎంత, మళ్లీ దించే కూలి ఎంత?

2. బండికి ఏమేం చేయించారో కాగితం మీద రాయండి

రీమ్యాప్, టర్బో మార్పు అందరికీ గుర్తుంటాయి. టైర్లు ఎవరికీ గుర్తుండవు. 215/75 ఆర్15 టైరు తీసి 235/75 ఆర్15 వేస్తే చక్రం వ్యాసం సుమారు 703 మిల్లీమీటర్ల నుంచి 733కి పెరుగుతుంది. 4 శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఆగిన బండిని కదిలించేటప్పుడు క్లచ్‌లో పుట్టే వేడి వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది 8, 9 శాతం దాకా పోతుంది. ఇంజిన్‌ని ముట్టుకోకుండానే క్లచ్ మీద భారం పెంచేశాం అన్నమాట.

లోడు కూడా నిజం రాయండి. ఆర్‌సీలో ఉన్నది కాదు, మీరు నిజంగా వేసేది. ఇంకో మాట, ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చాలంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అనుమతి ఉండాలి. క్లచ్ మార్చుకుంటే ఎవరూ అడగరు, బాడీ పెంచితే అడుగుతారు.

3. ఎంత బలం పట్టాలో లెక్క వేయండి

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, మోసపోయేదంతా ఇక్కడే. కంపెనీ నుంచి వచ్చినప్పుడు మీ బండి టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 200 న్యూటన్ మీటర్లు, రీమ్యాప్ తర్వాత 260 అనుకుందాం. 260కి సరిగ్గా 260 పట్టే క్లచ్ వేయకూడదు. ఇరవై, ఇరవై అయిదు శాతం ఎక్కువ ఉండాలి. అంటే 320 దగ్గర.

క్లచ్ ఎంత టార్క్ పడుతుందనేది నాలుగు సంగతుల గుణకారం: లైనింగ్ (ప్లేటు మీద రాసుకునే పొర) రాపిడి గుణకం, ప్రెషర్ ప్లేటు నొక్కే బలం, రాసుకునే ముఖాలు రెండు, ప్లేటు సగటు వ్యాసార్థం. రాపిడి 0.3, వ్యాసార్థం 0.1 మీటరు, నొక్కే బలం 5,330 న్యూటన్లు, అంటే దాదాపు 540 కిలోల బరువు మీద పెట్టినట్టు. గుణిస్తే 320 వస్తుంది. లెక్క సరిపోయింది.

ఇప్పుడు గట్టు మీదకి రండి. అయిదారుసార్లు సగం క్లచ్‌తో రివర్స్ చేశాక లైనింగ్ వేడెక్కి రాపిడి 0.2కి పడిందనుకోండి. అదే క్లచ్ ఇప్పుడు పట్టేది 213. ఇంజిన్ ఇచ్చేది 260. పొద్దున బాగున్న బండి సాయంత్రం జారేది అందుకే. షాపులో చెప్పే అంకె చల్లటి క్లచ్‌ది. మీకు కావాల్సింది వేడి మీద అంకె.

అయితే స్ప్రింగు ఇంకా గట్టిది వేసేస్తే పోలేదా? స్ప్రింగు గట్టిపడితే పెడల్ బరువెక్కుతుంది. రిలీజ్ బేరింగ్, ఫోర్కు, క్రాంక్ థ్రస్ట్ వాషర్లు త్వరగా అరుగుతాయి. క్రాంక్ దాకా పోతే అది క్లచ్ ఖర్చు కాదు, ఇంజిన్ ఖర్చు. నేనయితే ముందు రాపిడి, వేడి తట్టుకునే గుణం మెరుగ్గా ఉన్న లైనింగ్ చూస్తాను. హౌసింగులో పట్టి, ఫ్లైవీల్ (ప్లేటు ఆనుకునే ఇంజిన్ చక్రం) ఒప్పుకుంటే పెద్ద వ్యాసం ప్లేటు చూస్తాను. స్ప్రింగు బలం చివరి మాట.

4. మీ పనికి తగిన లైనింగ్ తీసుకోండి

మామూలు ఆర్గానిక్ లైనింగ్ మెత్తగా పట్టుకుంటుంది, కానీ వేడికి తొందరగా లొంగుతుంది. కెవ్లార్ కలిసినది మెత్తదనం పెద్దగా పోకుండా ఎక్కువ కాలం వస్తుంది. దాన్ని జాగ్రత్తగా అలవాటు చేయాలి, ఒకసారి బాగా మాడ్చితే కోలుకోదు. సిరామిక్ బటన్లు వేడిని బాగా తట్టుకుంటాయి. బదులుగా కుదుపు, ఫ్లైవీల్ అరుగుదల.

గుంటల పనికి, ఊరి ట్రాఫిక్‌కి మంచి ఆర్గానిక్ లేదా కెవ్లార్ చాలు. చీమకుర్తి నుంచి గ్రానైట్ పలకలు ఎత్తుకుని నేరుగా హైవే పట్టే బండికి మెల్లగా పాకే పని తక్కువ కాబట్టి కొంచెం గట్టిగా పట్టేదైనా ఓర్చుకోవచ్చు. మధ్యలో డ్యాంపర్ స్ప్రింగులు లేని ప్లేటు మాత్రం మామూలు ఫ్లైవీల్ ఉన్న లోడు బండికి వద్దు. ఇంజిన్ అదురంతా గేర్ల పళ్ల మీదకే పోతుంది.

5. పాత ప్లేటు చేతిలో పట్టుకుని కొనండి

వ్యాసం (కావాలని పెద్దది వేస్తే తప్ప), స్ప్లైన్ (గేర్‌బాక్స్ షాఫ్ట్‌కి తొడుక్కునే గాళ్లు) పళ్ల సంఖ్య, మధ్య రంధ్రం, మందం నాలుగూ కలవాలి. మోడల్ పేరొకటే చెబితే వేరే ఏడాది బండి ప్లేటు చేతిలో పెడతారు. పాతదాన్ని చూడటంలో ఇంకో లాభం కూడా ఉంది. రివెట్ తలల పైన లైనింగ్ 0.3 మిల్లీమీటరు కూడా మిగలకపోతే అది అరుగుదల. లైనింగ్ మందంగా ఉండి ఫ్లైవీల్ మీద నీలం మచ్చలుంటే అది వేడి. వేడితో పోయినదానికి బదులు మళ్లీ అదే రకం వేస్తే ఫలితం కూడా అదే.

ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ సెట్టుగానే కొనండి. వాలియో, లూక్, ఎక్సెడీ లాంటివి తీసుకున్నా బిల్లు ఉండాలి, నకిలీలు తిరుగుతున్నాయి. పాత ప్లేటుకే లైనింగ్ వేయించడం మామూలు బండికి పరవాలేదు. పవర్ పెంచిన బండికి వద్దు, అలసిపోయిన డ్యాంపర్ స్ప్రింగులు అలాగే ఉంటాయి కదా.

మామూలు ఫ్లైవీల్‌ని లేతు మీద పట్టించి చదును చేయించండి. మీది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు భాగాలుగా ఉండేది) అయితే లేతు జోలికి పోకుండా, రెండు భాగాల మధ్య లూజు ఎంతుందో కంపెనీ కొలతతో పోల్చి చూడమనండి.

6. బిగించాక తొందరపడకండి

ప్లేటు మీద ఫ్లైవీల్ వైపు అని గుర్తుంటుంది, తిరగేసి బిగిస్తే గేరు పడదు. స్ప్లైన్లకి గ్రీజు పలచగా పూయాలి, ఎక్కువైతే ఎగిరి లైనింగ్ మీద పడుతుంది. బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించమనండి.

మొదటి 500 కిలోమీటర్లు లోడు తక్కువ వేసి, ఆగుతూ పోతూ ఉండే రోడ్ల మీద నడపండి. ట్యూనర్ దగ్గర రెండు మ్యాపులుంటే ఆ 500 అయ్యేదాకా పాత మ్యాపులోనే ఉంచండి. పట్టుబడి తేదీ ఎల్లుండి అనగా క్లచ్ మార్పిస్తే ఇదేదీ కుదరదు. వాసన మొదలైన వారంలోనే ఆటోనగర్ దారి పట్టండి.