‘రెండొందల పేపర్లు రాశారట’: సర్జన్ గారి పరిశోధన చూసేదెలా?

మా బావది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. మొన్న గజ్జల్లో హెర్నియా అని తేలింది. చూసిన సర్జన్ గారి గురించి ఎవరో “ఆయన రెండొందల పేపర్లు రాశారండి, ఆయ్” అన్నారట. బావకి టెన్షన్ పట్టుకుంది. “ఒరేయ్, ముప్పై ఏళ్లు కాలేజీ లైబ్రరీలో చేశావు కదా, ఆ సంగతేంటో చూడు” అంటూ అమలాపురం వచ్చేశాడు. మా అరుగు మీద కూర్చుని ఫోన్లోనే చూశాం. పైసా ఖర్చు కాలేదు.

ముందు పబ్‌మెడ్ తెరవండి. వైద్య పరిశోధన పేపర్లు వెతుక్కునే సైటు అది, అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడుపుతోంది. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ఆథర్ ఎంచుకుని, ఇంటి పేరు, పక్కన పొడి అక్షరాలు కొట్టాలి. మనవాళ్లతో చిక్కంతా ఇక్కడే. అన్నవరం దేవుడి చలవ వల్ల గోదావరి జిల్లాల్లో వీధికో సత్యనారాయణ ఉంటాడు. ఒక జర్నల్ ఇంటి పేరు సరిగ్గానే వేస్తుంది, ఇంకోటి చివరి ‘రావు’నే ఇంటి పేరు అనుకుంటుంది. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి 1925 నాటి ఫాస్ఫరస్ పేపరు మీద కూడా చివర ‘ఆర్ఏఓ’ కాదు, ‘ఆర్ఓడబ్ల్యూ’ అని ఉంటుంది. అందుకే పేరుతో పాటు ఊరు, ఆసుపత్రి కూడా కలిపి వెతకండి. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే 16 అంకెల ఆర్కిడ్ నంబరు దొరికితే ఇక గొడవే లేదు. మేం వెతికిన పేరుతో ఒక చర్మవైద్యుడు, ఒక పశువుల డాక్టరు కూడా తగిలారు. వాళ్లని తీసేస్తే రెండొందలు కాస్తా ముప్పై చిల్లరయ్యాయి. ముప్పై కూడా తక్కువేం కాదు.

లెక్క తేలాక ఒక్కో పేపరు ఏ రకమో చూడండి. ఒకే రోగి గురించి రాసింది కేస్ రిపోర్టు. తను ఆపరేషన్ చేసిన వాళ్లందరి ఫలితాలూ చెప్పేది సిరీస్. చీటీలు తీసినట్టు రోగుల్ని రెండు గుంపులు చేసి పోల్చేది రాండమైజ్డ్ ట్రయల్. దీని బరువే ఎక్కువ. పేపరు మీద ‘రిట్రాక్టెడ్’ అని ఉంటే దాన్ని వెనక్కి తీసుకున్నారని అర్థం.

ఇక అసలు పని: ఆ పేపరు ఎవరిని కదిలించింది? పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో పేపరు కింద ‘సైటెడ్ బై’ నొక్కితే దాన్ని ఉదహరించిన వాళ్లంతా వస్తారు. ఆయన అక్కడ ప్రొఫైల్ పెట్టుకుని ఉంటే అందులో హెచ్-ఇండెక్స్ కూడా కనబడుతుంది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన లెక్క అది. పది అంటే, కనీసం పదేసి సార్లు ఉదహరించిన పేపర్లు పది ఉన్నట్టు. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. తన పేపర్లను తనే ఉదహరించుకున్నా అది పెరుగుతుంది.

నేనైతే గొలుసు పట్టుకుని వెళ్తాను. బావకి హెర్నియా కాబట్టి దాన్నే తీసుకున్నాం. 1989లో లాస్ ఏంజెలెస్ సర్జన్ లిక్టెన్‌స్టైన్, ఆయన సహచరులు 1,000 మందికి మెష్ (వలలాంటి అతుకు) వేసి చేసిన ఆపరేషన్ల ఫలితాలు రాశారు. 2001లో పుణె సర్జన్ దేశర్దా, మెష్ లేకుండా రోగి సొంత కండర పొర పట్టీతోనే 400 మందికి చేశానని రాశారు. అది ఆయన ఒక్కరి మాట. కానీ సైటెడ్ బై నొక్కుతూ పోతే 2012 నాటి పోలండ్ ట్రయల్ వచ్చింది. 208 మందిలో ఈ రెండు పద్ధతుల్నీ పోల్చి మూడేళ్లు చూశారు. రెండు గుంపుల్లోనూ ఇద్దరిద్దరికే హెర్నియా తిరగబెట్టింది. పుణె పేపరును పరాయి దేశం వాళ్లు పరీక్షకు పెట్టారంటే, ప్రభావమంటే అదీ.

అక్కడ ఆగకుండా మార్గదర్శకాలు కూడా చూడాలి. 2018లో వచ్చిన అంతర్జాతీయ హెర్నియా మార్గదర్శకాలు ముందు మెష్‌నే సిఫారసు చేశాయి. మెష్ లేకుండా అయితే, రోగి సొంత పొరల్నే వరసలుగా కుట్టే షోల్డైస్ పద్ధతికి మొగ్గు చూపాయి.

“మరి మన డాక్టరు గారి చెయ్యి ఎలాంటిదో ఇందులో తెలుస్తుందా?” అన్నాడు బావ. తెలియదు. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, ఎందరికి తిరగబెట్టింది అని ఆయన్నే అడగమన్నాను. కాటా చీటీ వెనక రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. గురువారం చూపించుకోవాలి.