మైక్ మార్చే ముందు: ఈఎస్‌పీ32 ఆడియో రికార్డింగ్‌లో సమస్యలు, పరిష్కారాలు

ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డు, ఐఎన్‌ఎంపీ441 ఐ2ఎస్ మైక్ (ఐ2ఎస్ అంటే చిప్‌ల మధ్య డిజిటల్ ఆడియో పంపే పద్ధతి), మ్యాక్స్98357ఏ యాంప్లిఫయర్, ఒక ఎస్‌డీ కార్డు. వాయిస్ రికార్డర్ ప్రాజెక్టుకు చాలామంది తీసుకునే సెట్ ఇదే. స్పీకర్‌లో మాట బాగా రాకపోతే అందరి చెయ్యీ ముందు మైక్ మీదికే పోతుంది. ఆగండి. కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టి, వేవ్ ఫైలును ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌లో తెరవండి. అక్కడ బాగుంటే తప్పు ప్లేబ్యాక్‌ది, అక్కడా పాడుగా ఉంటే రికార్డింగ్‌ది. సగం టెన్షన్ ఇక్కడే పోతుంది.

గొంతు కీచుగా, హడావుడిగా వస్తోంది

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి 60 సెకన్లు రికార్డ్ చేయండి. ఫైలు సరిగ్గా 30 సెకన్లే చూపిస్తే, దాని మొదట్లో వివరాలు రాసి ఉండే 44 బైట్ల హెడర్‌ను చూడండి. మోనో డేటాకు చానెళ్లు 2 అని రాసి ఉంటుంది, లేదా సెకనుకు 8,000 శాంపిల్స్ (ధ్వని కొలతలు) తీసి 16,000 అని రాసి ఉంటుంది. చానెళ్ల సంఖ్య 22వ బైటు దగ్గర, శాంప్లింగ్ రేటు 24వ బైటు దగ్గర ఉంటాయి. గొంతు మామూలుగానే ఉండి ఫైలు మాత్రం 52 సెకన్లో, 55 సెకన్లో వస్తే హెడర్‌ది తప్పు కాదు, మధ్యలో శాంపిల్స్ పోతున్నాయి.

మధ్యమధ్యలో టిక్ టిక్‌మంటోంది

శాంపిల్స్ పోతే వినిపించేది ఇదే. 16 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో అంటే సెకనుకు 32,000 బైట్లు. కార్డుకు ఇదేమంత పెద్ద వేగం కాదు. ఇబ్బందల్లా కార్డు ఉన్నట్టుండి ఆగిపోవడం దగ్గరే. ఒక్కో రైట్‌కు 250 మిల్లీసెకన్ల దాకా బిజీగా ఉండొచ్చని ఎస్‌డీ ప్రమాణాలే ఒప్పుకుంటాయి. ఆ పావు సెకనులో వచ్చిపడే 8,000 బైట్లకు చోటు లేకపోతే అవి గాలికి పోయినట్టే.

అందుకే చదివే పనినీ రాసే పనినీ ఒకే లూప్‌లో పెట్టకండి. ఒక టాస్క్ మైక్ నుంచి చదివి రింగ్ బఫర్‌లో (చివరికి చేరగానే మళ్లీ మొదటి నుంచి నిండే తాత్కాలిక మెమరీ) వేయాలి, ఇంకొకటి అందులోంచి తీసి 512 బైట్ల గుణిజాలుగా కార్డుకు రాయాలి. బఫర్ 32 కేబీ ఉంటే నిశ్చింత. ప్రతిసారీ ఫైలు తెరిచి మూయకండి. ప్రతి శాంపిల్‌నూ సీరియల్ మానిటర్‌లో ప్రింట్ చేసే అలవాటుంటే ఇప్పుడే తీసేయండి: 115200 బాడ్ దగ్గర సెకనుకు పోయేవి 11,520 అక్షరాలు, మీకు వచ్చేవి 16,000 శాంపిల్స్!

మాట చిన్నగా ఉంది, లేదా అంతా బరబర

ఈ మైక్ 24 బిట్ల డేటాను 32 బిట్ల స్లాట్‌లో పై వైపున పెట్టి పంపుతుంది. 32 బిట్లుగానే చదివి కుడికి 16 షిఫ్ట్ చేస్తే మాట చిన్నగా వస్తుంది. 14 షిఫ్ట్ చేస్తే 4 రెట్లు పెరుగుతుంది. కానీ విలువ 32767 (16 బిట్లలో పట్టే గరిష్ఠం) దాటితే అక్కడే ఆపాలి. ఆపకపోతే మైనస్‌లోకి తిరగబడి, గట్టిగా మాట్లాడినప్పుడల్లా పటపటమంటుంది. ఇంకోటి: 16 బిట్ వేవ్‌లో నిశ్శబ్దం 0, 8 బిట్‌లో 128. ఈ రెండూ కలగాపులగం అయినా బరబరే.

అన్నీ సున్నాలే

మైక్ ఎల్/ఆర్ పిన్ గ్రౌండ్‌కు కలిపితే ఎడమ చానెల్. కోడ్ కుడివైపు చదువుతుంటే ఏమీ రాదు. మొదట్లో మాత్రమే సున్నాలు వస్తే కంగారు పడొద్దు. పవర్ ఇచ్చాక మొదటి 2,62,144 క్లాక్‌ల పాటు ఈ మైక్ సున్నాలే ఇస్తుంది. 16 కిలోహెర్ట్జ్ దగ్గర అది పావు సెకను పైచిలుకు, దాన్ని పారేయండి. మైక్‌కు 5 వోల్టులు ఇచ్చి ఉంటే మాత్రం కొత్తది కొనాల్సిందే. దానికి 3.3 చాలు.

ఫైలు బాగుంది, స్పీకరే గోల చేస్తోంది

ప్లేబ్యాక్ అయిపోయాక చివరి ముక్క ట్ర్ర్ర్ అని తిరుగుతుంటే డీఎమ్‌ఏ (ప్రాసెసర్‌తో పనిలేకుండా డేటాను పంపే హార్డ్‌వేర్) పాత బఫర్‌నే మళ్లీ మళ్లీ పంపుతోందన్నమాట. చివర్లో సున్నాలు రాయండి. వాల్యూమ్ పెంచగానే బోర్డు రీసెట్ అవుతుంటే యాంప్లిఫయర్‌కు కరెంటు 3.3 పిన్ నుంచి కాకుండా 5 వోల్టుల లైన్ నుంచి ఇచ్చి, దాని పక్కనే ఒక పెద్ద కెపాసిటర్ పెట్టండి.